కత్తికి కన్నుగా నిలిచిన వెలుగు



వరిచేనిలో కలుపు తీయువారు ఊదగడ్డి సంగతి ఎరుగుదురు. లేతదశలో అది వరిపైరును పోలియుండును. కలుపని తెలియక విడిచినచో గింజపట్టి మరుపంటను ఆక్రమించును. కలుపని భ్రమించి వరినే పెరికినచో రైతు నష్టపడును. రాచపుండునకు, అనగా క్యాన్సరునకు, శస్త్రచికిత్స చేయు వైద్యునకు ఎదురగు చిక్కు ఇట్టిదే. కణితి నడిభాగము చేతికి తగులును, కంటికి కనబడును. అంచున నుండు కొలది కణములు మాత్రము ఆరోగ్యముగల కండలో కలిసిపోయి యుండును. వానిని విడిచినచో వ్యాధి తిరుగబెట్టును. భయపడి ఎక్కువ కోసినచో మెదడువంటి తావులలో రోగి మాటయో నడకయో పోవును. ఈ చిక్కును తగ్గించుటకే వెలుగును పట్టు కెమేరా పుట్టినది.

శస్త్రచికిత్సా చరిత్రలో హైదరాబాదు నగరమునకు చిరస్థానము కలదు. పాతబస్తీ నుండి నయాపూల్ దాటగానే మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజి వచ్చును. అచ్చటి ఆసుపత్రికిని, వైద్యపాఠశాలకును పెద్దయైన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికపై 1888, 1889 సంవత్సరములలో రెండు క్లోరోఫాం కమిషనులు నడచినవి. రెండవదానికి నిజాము ప్రభుత్వము ధనమియ్యగా లండను నుండి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చెను. మత్తుమందు వలన శ్వాసయే ముందు ఆగునని, గుండె కాదని వారు తీర్మానించిరి. 1911లో లీవీ అను శాస్త్రజ్ఞుడు గుండెయే హఠాత్తుగా ఆగు ప్రమాదమును నిరూపించెను. పెద్దల తీర్మానమైనను పరీక్షకు నిలువవలెనను పాఠము ఇందున్నది. 1908 వరదలకు నష్టపోయిన ఆ మూసీతీరముననే పిదప ఉస్మానియా ఆసుపత్రి మహాభవనము వెలసినది. 1955లో క్యాన్సరు రోగులకై స్థాపితమైన ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ పేరిట రెడ్‌హిల్స్‌లో నడచుచున్నది.

ఇక వెలుగు సంగతి. కొన్ని పదార్థములపై ఒక రంగు కాంతి పడినచో దానిని మ్రింగి వేరొక రంగు కాంతిని విడుచును. దీనినే ప్రతిదీప్తి యందురు. బట్టలసబ్బు పొడిలో కలుపు తెల్లదనపు మందు, ఎండలోని అతినీలలోహిత కిరణములను మ్రింగి నీలికాంతిని విడుచుటచేతనే ఉతికిన పంచె మిలమిలలాడును. అట్టి మందును కణితిలోనికి పంపగలిగినచో కణితియే తన జాడ చెప్పును. 1947, 48 ప్రాంతమున అమెరికాలో జార్జి మూర్ అను వైద్యుడు ఫ్లోరెసీన్ అను రంగుమందుతో మెదడు కణితులను గుర్తింప యత్నించెను. 1959లో ఇండోసయనిన్ గ్రీన్ అను మందు అచ్చట అనుమతి పొందెను. ఫొటో ఫిలిములకు పేరుపొందిన కొడాక్ సంస్థ ప్రయోగశాలలో అది పుట్టుట విశేషము. అది క్యాన్సరును ప్రత్యేకించి పట్టదు గాని, రక్తము పారు మార్గములను, వ్యాధి ముందుగా ప్రాకు శోషరస గ్రంథులను చక్కగా చూపును.

ఆ మందు విడుచు కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 830 నానోమీటర్లు. మన కన్ను 400 మొదలు 700 వరకే బాగుగ చూడగలదు. ఆవలిది పరారుణకాంతి. అది నీలి, ఆకుపచ్చ కాంతులకంటె మాంసములో లోతుగా చొరగలదు. సిలికాను ఫలకముగల కెమేరా దానిని చూడగలదు. టెలివిజను రిమోటు కొనను సెల్‌ఫోను కెమేరాతో చూచుచు మీట నొక్కినచో, కంటికి కానరాని వెలుగు కొన్ని ఫోనులలో మిణుకుమనును. సూత్రమదియే.

శస్త్రశాలలోని కెమేరా పని మూడు విధములు. మొదట దాని దీపము సుమారు 800 నానోమీటర్లకు లోబడిన కాంతిని గాయముపై ప్రసరించును. పిదప వడపోత అద్దము ఆ దీపకాంతిని ఆపి, మందు విడుచు కాంతినే లోనికి పోనిచ్చును. ఇది లేకున్న, పెట్రోమాక్సు దీపము చెంత మిణుగురును వెదకినట్లగును. మూడవది, పట్టకము కాంతిని చీల్చి సహజవర్ణచిత్రము నొక ఫలకమునకు, పరారుణచిత్రమును వేరొకదానికి చేర్చగా, కంప్యూటరు రెంటిని కలిపి తెరపై చూపును.

ఈ కథలో తెలుగువాని చేయి కలదు. 1895లో భీమవరమున జన్మించి, పిదప అమెరికా చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. గర్భిణులకు ఇనుముతో కూర్చి ఇచ్చు మాత్రలలోనిది ఇదియే. అండాశయ క్యాన్సరు కణములనేకము ఈ ఆమ్లమును పట్టుకొను కొక్కెములను విశేషముగా కలిగియుండును. ఆ ఆశను ఎరగా చేసి, ఫోలిక్ ఆమ్లమును పోలిన అణువునకు పరారుణ రంగుమందును తగిల్చి శాస్త్రజ్ఞులు పాఫోలాసయనిన్ అను మందును కల్పించిరి. దానికి అమెరికాలో 2021లో అండాశయ క్యాన్సరునకును, 2022లో ఊపిరితిత్తుల క్యాన్సరునకును అనుమతి లభించెను. ఈ మందు ఇచ్చుటకు ముందు 48 గంటలు రోగి ఫోలిక్ మాత్రలు మానవలెను. లేకున్న ఆ మాత్రయే కొక్కెములను ఆక్రమించును.

ఈ వెలుగు ఎంత నమ్మదగినది? 2006లో జర్మనీ వైద్యులు ప్రకటించిన పరీక్షలో, త్రాగించిన మందు వలన నీలికాంతిలో ఎఱ్ఱగా మెరయు మెదడు కణితులు 65 శాతము రోగులలో పూర్తిగా తొలగింపబడెను. మామూలు దీపముక్రింద 36 శాతమునందే. ఆరు నెలల పిదప వ్యాధి పెరగనివారు 41 శాతము, రెండవ పక్షమున 21 శాతము. అయినను మొత్తము ఆయువు పెరిగినట్లు స్పష్టము కాలేదు. పాఫోలాసయనిన్ పరీక్షలో సుమారు 27 శాతము స్త్రీలయందు చేతికి, కంటికి చిక్కని క్యాన్సరు బయటపడెను. అయితే సుమారు 20 శాతము మందిలో క్యాన్సరు కాని తావు సైతము మెరసెను. కావున మెరసినదెల్ల వ్యాధి కాదు, మెరయనిదెల్ల ఆరోగ్యము కాదు. సూక్ష్మదర్శిని క్రింద కండను పరీక్షించు నిపుణుని మాటయే తుదిమాట. కెమేరా వైద్యునకు తోడు, న్యాయమూర్తి కాదు.

ఎంత గొప్ప వెలుగైనను ఆలస్యముగా వచ్చినవానిని రక్షింపలేదు. పొగాకు నమలువాని నోటిలో మూడు వారములు మానని పుండు, స్త్రీ రొమ్ములో గడ్డ, కారణము లేని రక్తస్రావము — వీనిని దాచుకొనరాదు. సిగ్గుచేతను, భయముచేతను పోవు కాలమే రాచపుండునకు ఎరువు. ఈ గ్రంథాలయమునకు వచ్చి ఒకరు చదివినది పదుగురికి చెప్పినచో, ఒక్క ఇల్లాలైనను సకాలమున వైద్యుని చేరినచో, ఇరువదియైదేండ్ల దీపము సార్థకమైనట్లే.