బొమ్మ యిటుకల ఊరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



బొమ్మలను గూర్చి మాటాడెదనని చెప్పగా కార్యదర్శిగారు నావంక చూచి ఒక్క క్షణము మిన్నకుండిరి. వారి సందేహము న్యాయమే. కాని నేను చెప్పబోవు బొమ్మలను నేను చూచినది ఒక గ్రంథాలయముననే.

అమెరికాలో మా అబ్బాయి యింట నున్నప్పుడు ఆ ఊరి గ్రంథాలయపు హాలులో లెగో యిటుకల ప్రదర్శన జరిగినది. ఈ యిటుకల పుట్టినిల్లు డెన్మార్కు దేశము. బిల్లుండ్ అను పల్లెలో ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. ‘చక్కగా ఆడుకొనుము’ అను అర్థము గల డేనిష్ మాటలను కుదించి లెగో యని పేరిడెను. ఆయన కుమారుడు గాట్‌ఫ్రెడ్ నేటి ప్లాస్టిక్ యిటుకకు 1958 జనవరి 28న పేటెంటు కోరెను. పైన బుడిపెలు, లోపల గొట్టములు. నొక్కిన పట్టుకొనును, లాగిన వదలును. నాటి యిటుక నేటి యిటుకతోను అతుకును. ఎనిమిది బుడిపెల యిటుకలు ఒకే రంగువి ఆరున్నచో 91,51,03,765 విధముల కూర్పవచ్చునని గణితజ్ఞులు లెక్క తేల్చిరి.

ప్రదర్శించినవారిలో ఎక్కువమంది పెద్దలే. ఒక నర్సు, ఒక బ్యాంకు గుమాస్తా, ఉద్యోగము విరమించిన బస్సు డ్రైవరు. ఎవరి యింట వారు కట్టుకొని వచ్చి, ఆనాడు బల్లలపై ఒక్క ఊరుగా చేర్చిరి. 32 బుడిపెల చదరపు పలక వారి కొలత, సుమారు 25.6 సెంటీమీటర్లు. బాట పలక అంచును ఎచ్చట తాకవలెనో, రైలుపట్టా ఎచ్చట దాటవలెనో ముందే నిర్ణయించుకొందురు. అంచునకు లోపల ఎవరి యిష్టము వారిది. చర్చి ప్రక్కన రాక్షసబల్లి నిలిచియున్నను అడుగువాడు లేడు!

మరియొక బల్లపై బంతుల యంత్రముండెను. గోలీలంతటి బంతులను ఒకరి యంత్రము గ్రహించి ప్రక్కవాని తొట్టిలో వేయును. అది తరువాతి దానికి అందించును. నియమమేమన, సగటున సెకనుకొక బంతి నడువవలెను. మెట్లతో నెక్కించునో, చక్రముతో త్రిప్పునో వారి వారి యూహ. వరుస నడుమ పండ్రెండేండ్ల బాలుని యంత్రము, మన ఏతము వంటిది, ఒకటి యుండెను. అది చిక్కుపడినది. దానితో వరుసయంతయు నిలిచిపోయెను.

“దానిని తీసివేసి మిగిలినవి కలుపరాదా?” అంటిని మా అబ్బాయితో. వారట్లు చేయలేదు. డ్రైవరుగారు నేలపై కూర్చుండి, దొరలిన బంతులనేరుచుండెనే గాని యంత్రముపై చేయి వేయలేదు. నలుబది నిముషములు గడచినవి. చూడవచ్చినవారిలో సగము మంది వెడలిపోయిరి. తుదకు ఇరుసునుండి జారిన పంటిచక్రమును బాలుడే కనుగొని సరిచేసెను. బంతులు మరల నడచినవి.

నేనైతే తీసివేసియుందును. మన కార్యవర్గ సమావేశములలో పిన్నల సూచనలను నేనెన్నిమారులు ప్రక్కకు నెట్టితినో ఈ సభలోని కొందరికి బాగుగా తెలియును.

ఆ యిటుకలు వెలగలవి, కొనుడని నేననను. మనకు సంక్రాంతి బొమ్మల కొలువు కలదు. ఇంటింట విడివిడిగా పెట్టుకొను దానిని ఈసారి గ్రంథాలయపు వసారాలో కలిపి పెట్టుదము. ఒక్కొక్కరికి మూరెడు చదరపు పలక. దాని నడుమ అంచునుండి అంచునకు బెత్తెడు వెడల్పు బాట విడువవలెను, అదొక్కటే నియమము. తక్కినది మట్టియో, జొన్నబెండ్లో, తాటాకో, అగ్గిపెట్టెలో, మీ చిత్తము. ఎవరి పలకయైనను విరిగినచో వారే బాగుచేసికొందురు, మనము వేచియుందము.

పలకలు కోయించు ఖర్చు నాది. పేర్లు రేపటినుండి గ్రంథపాలకునికి ఇయ్యవచ్చును. పెద్దలును ఇయ్యవచ్చును.