వినేవాళ్లూ కచేరీలో భాగమే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఇంజనీరును కనుక నేను యంత్రాల గురించి మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. ఈ రోజు సంగీతం గురించి చెబుతాను. నాకు పాడటం రాదు, వాయించడం రాదు. కాలేజీ హాస్టల్లో ఒక సీనియర్ ఇచ్చిన క్యాసెట్టుతో మొదలై, ఇప్పటికీ వింటున్న అభిమానిని. ఆ క్యాసెట్టు ‘శక్తి’ బృందానిది.

ఇంగ్లండుకు చెందిన గిటార్ విద్వాంసులు జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపించి, జాజ్‌నూ రాక్‌నూ కలిపి హోరెత్తించారు. తర్వాత ఆ హోరు పక్కన పెట్టి, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటంతో కలిసి శక్తి మొదలుపెట్టారు. వాళ్ల మొదటి ఆల్బమ్ స్టూడియోలో చేసింది కాదు. 1975లో అమెరికాలో ఒక కాలేజీలో, జనం ముందు వాయించింది.

1990ల చివర్లో ఈ బృందం ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ వచ్చింది. కొంతకాలానికి అందులో మాండొలిన్ చేరింది. వాయించింది పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు. ఆయన తొలి కచేరీ 1978లో మన గుడివాడలోనే, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో జరిగింది. అప్పటికి ఆయనకు పదేళ్లు కూడా లేవు.

నన్ను ఆకట్టుకున్నది ఆ వాద్యాల పనితనం. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. గమకం పలకాలంటే నాదం నిలవాలి, తీగ లొంగాలి. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, జంట తీగల బదులు ఒంటి తీగలు వేసుకున్నారు, మంద్రం కోసం ఐదో తీగ చేర్చుకున్నారు. అంతకు ముందే మెక్‌లాఫ్లిన్ తన గిటార్ మెట్ల మధ్య చెక్కను గుంటలుగా చెక్కించుకున్నారు, తీగను వీణ మీద లాగినట్టు లాగడానికి. ఇద్దరూ వేర్వేరు దారుల్లో గమకం దగ్గరికే వచ్చారు.

ఇక కచేరీలో ఒకరు ఒక పలుకు వేస్తారు, రెండోవారు దానికి జవాబిస్తారు. పలుకులు పొట్టివైపోతూ చివరికి ఒకటి రెండు స్వరాలే మిగులుతాయి. జాకిర్ తబలా, సెల్వగణేశ్ కంజీర తోడై, అందరూ ఒకే తీర్మానంతో సమం మీదికి దిగేసరికి హాలంతా చప్పట్లు. ఇవేవీ కాగితం మీద రాసుకున్నవి కావు. జాజ్‌కైనా మన మనోధర్మానికైనా ప్రాణం అదే. ఎదుట వినేవాడి ముఖం చూసి అప్పటికప్పుడు పుట్టాలి.

2014 సెప్టెంబరులో శ్రీనివాస్ గారు 45 ఏళ్లకే వెళ్లిపోయారు. 2024 డిసెంబరులో జాకిర్ గారూ వెళ్లిపోయారు. ఆ కలయికను ఇక ఎదురుగా కూర్చుని వినలేం. మిగిలింది రికార్డులే.

అందుకే నాకు గుడివాడ మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది. కచేరీలకు కొత్తదైన వాద్యంతో ఒక పసివాడు వస్తే వేదిక ఎక్కించినవాళ్లున్నారు, కూర్చుని విన్నవాళ్లున్నారు. వాళ్లు మన డెల్టా వాళ్లే.

మరి మనం? పాఠశాల వార్షికోత్సవాల్లో మన పిల్లల డాన్సు అయిపోగానే లేచి వెళ్లిపోతున్నాం. ఆ తర్వాత వయొలిన్ పట్టుకొచ్చిన పిల్ల ఖాళీ కుర్చీలకు వాయిస్తోంది. మన సంఘానికి నా మనవి ఒక్కటే. ఏటా ఈ ఆవరణలో ఒక కచేరీ పెడదాం. ముందుగా మన విద్యార్థులకే అరగంట ఇద్దాం. ఫోన్లు జేబులో పెట్టుకుని, చివరి పిల్ల వాయించేదాకా కూర్చుందాం. మొదటి ఏడాది ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. వినడానికి మాత్రం మీరందరూ రావాలి.