హామ్ రేడియో

పెద్దలారా, నేనీ సాయంకాలము రేడియోను గూర్చియే మాటలాడ నున్నాను. కాని యది మీరిప్పుడు వినుచున్న రేడియో కాదు. దీనియందు ఒకరు చెప్పుదురు, వేలకొలది జనులు విందురు. విన్నవారు మారుపలుకుటకు వీలు లేదు. నేను చెప్పబోవు రేడియోలో విన్నవాడే బదులు చెప్పును. లాభాపేక్ష లేక, కేవలము ఆసక్తిచేత, ప్రభుత్వపు అనుజ్ఞ పొంది, తన యింటినుండి తన యంత్రముతో ఇతరులతో సంభాషించువానిని లోకమంతటను ‘హామ్’ అని పిలుతురు. మన కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలలో నేను తిరిగినంతమేర ఇట్టివారు వ్రేళ్ళ లెక్కకు మించి కనబడలేదు. ఆ కొరత యెంతటిదో నాకు 2022 జూలైలో ఒక రాత్రి బాగుగా తెలిసివచ్చినది.

నా కుమార్తెను కడెము ప్రాజెక్టుకు దిగువనున్న యొక పల్లెలో ఇచ్చితిని. ఆ వారము నేనచ్చటనే యుంటిని. ఆ కట్ట 1958లో ఒకసారి, మరల 1995లో ఒకసారి తెగినది. కావున ముసురు పట్టినదన్న ఆ వైపు వృద్ధులకు నిద్ర రాదు. 13వ తేదీ రాత్రి జలాశయములోనికి ఐదు లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. గేట్లు విడువగల నీటికంటె వచ్చు నీరు హెచ్చు. పైగా పదునెనిమిది గేట్లలో ఒకటి లేవలేదు. దిగువ గ్రామములను ఖాళీ చేయించిరి. మేమును పిల్లలను, మూటలను తీసికొని మెరకకు పోయితిమి. కరెంటు సాయంకాలమే పోయినది. చేతిఫోనులు ఒకటొకటిగా ఆరిపోయినవి. ఆరనివానికి సిగ్నలు లేదు. మా వియ్యంకుని తమ్ముడు వాగుకావలి చేనులో పశువులయొద్ద చిక్కుకొనియుండెను. అతడున్నాడో లేడో తెలియక ఆ యింటివారు తెల్లవార్లు కూర్చుండిరి. కట్ట నిలిచినది. అతడు క్షేమమను మాట మాత్రము మరునాడు పది గంటలకు గాని మాకు చేరలేదు.

ఆ రాత్రి నా యంత్రమెచ్చట నున్నది? అనుజ్ఞ పొంది ముప్పది యేండ్లు దాటినను, అది మా యింట బట్ట కప్పుకొని భద్రముగా నుండెను. ఈ తప్పు నాదే. అయితే దాని నా వెంట తెచ్చియున్నను ఏమి చేయగలిగియుందును? దూరమున నున్న యే మిత్రునితోనో మాటలాడియుందును గాని, వాగుకు ఆవల బదులు పలుకుటకు మరియొకడు లేడు. ఈ విద్య యేకాకికి పనికిరాదు. పలుకువాడొకడు, అందుకొనువాడొకడు ఉండవలెను.

ఇది పట్టణపు ధనికుల ఆటవస్తువని కొందరందురు. వారికొక సంగతి చెప్పెదను. హైదరాబాదులో 1933లో మహబూబ్ అలీ యను తపాలాశాఖ యుద్యోగి 200 వాట్ల చిన్న యంత్రముతో స్వయముగా ప్రసారములు మొదలుపెట్టెను. 1935లో నిజాము ప్రభుత్వము దానిని చేపట్టగా అదియే దక్కన్ రేడియో అయినది. ఒక్కని ఉబలాటము రాజ్యమునకు రేడియోను తెచ్చిపెట్టినది.

2004 డిసెంబరు నాటి మాట మరింత పెద్దది. ఔత్సాహికుల శిక్షణకై 1983లో హైదరాబాదున ఒక జాతీయ సంస్థ ఏర్పడినది. దానికి చెందిన భారతీ ప్రసాదు గారును, ఆమె జట్టువారును అనుజ్ఞ పొంది అండమాను దీవులకు పోయి, పోర్టు బ్లెయిరునుండి ప్రపంచమునందలి హాములతో మాటలాడుచుండిరి. అది వినోదయాత్ర. 26వ తేదీ ప్రాతఃకాలమున భూమి కంపించినది, సముద్రము పొంగినది, దీవుల తంతి టెలిఫోను మార్గములు తెగిపోయినవి. వినోదమునకై కట్టిన తీగెయే వార్తకు దారి యైనది. దీవులలో చిక్కినవారి క్షేమసమాచారములను ప్రధాన భూమిపై గల బంధువులకు ఈ హాములు అందజేసిరి. వారు ముందే అచ్చట కూర్చుండి, ముందే సాధనచేసి యుండుటచేతనే యది సాధ్యమైనది గాని, ఉపద్రవము వచ్చిన పిమ్మట నేర్చుకొనుటచేత గాదు.

ఇక ప్రారంభించుట యెట్లు? నేను 1988లో బడిపంతులుగా నుండగా దరఖాస్తు పెట్టితిని. ఆనాడు చుక్కలు గీతలుగల మోర్సు లిపిని నిమిషమునకు అయిదు మాటల వేగముతో వినవలసియుండెను. నేను రాత్రులు బల్లపై చెంచాతో తట్టుచు నేర్చితిని. ఇంటిలోనివారు నాకేమో పట్టినదనుకొనిరి. పరీక్ష అయిన తరువాత విచారణకై పోలీసు జవాను ఊరికి వచ్చెను. వైర్‌లెస్ అను మాట వినగానే ఊరు గుమిగూడినది. “ఏం జేసినవు కొడుకా?” అని మా యమ్మ యేడ్వసాగెను. అప్పటికి పటేలిగిరి పోయినను మేము పటేలనియే పిలుచుచుండిన పెద్దమనిషి చావడిలోనికి వచ్చి, “మా పంతులు, తప్పు పని చేసెటోడు కాదు. నేను జామీను” అనెను. ఆ ఒక్కమాటతో నా దారి తెరచుకొన్నది. మీ యూర ఏ కుఱ్ఱవాడో, ఏ బాలికయో ఇట్టి విద్యకు పూనుకొన్నప్పుడు జామీను మాట మీరే చెప్పవలసియుండును. అందుచేతనే ఈ ప్రసంగమును పిల్లలకు గాక మీకు వినిపించుచున్నాను.

ఇప్పుడు దారి సులువైనది. పండ్రెండేండ్లు నిండినవారు పరీక్షకు కూర్చుండవచ్చును. క్రింది తరగతికి మోర్సు లిపి అక్కరలేదు. రేడియో పనిచేయు తీరు, నియమావళి, ఈ రెండింటియందు ప్రశ్నలుండును. పరీక్షలో నెగ్గి కేంద్ర ప్రభుత్వపు అనుజ్ఞ చేతికి వచ్చువరకు ఒక్కమాటయైనను గాలిలోనికి పంపరాదు. ఈ సంగతి మీరు గట్టిగా చెప్పవలెను. అంగళ్ళలో చౌకగా దొరకు చేతి యంత్రములను కొని, మీట నొక్కి మాటలాడుట పిల్లలకు ఆటగా తోచును గాని యది నేరము. అనుజ్ఞ వచ్చిన తరువాతనైనను వ్యాపారపు మాటలు, రాజకీయములు ఇందు కూడవు. వ్యాజ్యములకు దీనిని వాడుకొందమను ఆశ యెవరికైన నుండినచో ఇప్పుడే విడువుడు.

మొదటి మెట్టు వినుట. ఆరు నెలలు వినినవాడు, వినక కొన్నవానికంటె మేలు. అయితే ఇచ్చట క్రొత్తవారు తప్పక తొట్రుపడుదురు. మామూలు రేడియోలో హాముల మాట బాతు అరచినట్లు వినబడును. వారి ప్రసారపు రీతి వేరు. ఎస్.ఎస్.బి. అనెడి ఆ రీతిని విప్పగల రేడియోనే కొనవలెను. వినుటకు అనువైనది నలువది మీటర్ల పట్టీ, అనగా 7000 మొదలు 7200 కిలోహెర్ట్సు వరకు. తీగె కొలత చెప్పెదను, వ్రాసికొనుడు. రాగితీగె ముక్కలు రెండు, ఒక్కొక్కటి 33 అడుగులు. రెండింటి నడుమ పింగాణి బిళ్ళ నుంచి, అచ్చటినుండి కేబులును ఇంటిలోనికి దించి, కొసలను రెండు చెట్లకు త్రాటితో కట్టవలెను. ముప్పది అడుగుల యెత్తున్న మంచిది, ఇరువది యున్నను పని జరుగును. కరెంటు తీగెల దరిదాపున కట్టరాదు. తెగి వానిపై పడినచో ప్రాణము పోవును. ఉరుములు వినబడగానే కేబులును ఊడదీసి యింటి వెలుపల వేయవలెను.

భూమికి కొన్ని వందల కిలోమీటర్ల యెత్తువరకు విద్యుత్తు సోకిన గాలిపొరలు కలవు. ఈ తరంగములు వానికి తగిలి మరల నేలకు దిగును. అందుచేతనే పగటివేళ హైదరాబాదు, నాగపురముల మాట, రాత్రి యైనకొలది దూరదేశముల మాట వినబడును. పెద్ద యంత్రములకు సైతము పండ్రెండు వోల్టులు చాలును గనుక, ఊరంతయు చీకటియైనను ట్రాక్టరు బ్యాటరీ పెట్టి నడుపవచ్చును. కొట్టములో ట్రాక్టరున్న ప్రతి పల్లెయందును సగము సామగ్రి ఇదివరకే యున్నదన్నమాట! 2027లో గోదావరి పుష్కరములు వచ్చును. ధర్మపురిలో, మంథనిలో, బాసరలో తప్పిపోవు ముసలివారిని, బిడ్డలను తలచుకొనుడు. వంగదేశపు గంగాసాగర మేళాలో ఇట్లు తప్పిపోయినవారిని హాములు ఏటేట ఇండ్లకు చేర్చుచున్నారు.

ఆ వరద యేటి మార్గశిరమున మా కుమార్తె యింట తీగె కట్టబోగా, మా వియ్యంకుడు వేపచెట్టు క్రింద నిలిచి, “బావా, ఈ తీగె మీద పిడుగు పడదా?” అనెను. ఆయన సందేహము మంచిదే. కేబులు ఊడదీయు తీరును మొదట ఆయనకే చూపితిని. ఇప్పుడు మబ్బు కమ్మినప్పుడు ఎవరును చెప్పకుండగనే తానే లేచి ఊడదీయును. నా మనుమరాలు ప్రొద్దున బడికి పోవుటకు ముందు అరగంట విని, ఎవరి పిలుపు గుర్తు ఎన్నిగంటలకు వినబడినదో నోటుబుక్కులో వ్రాసికొనుచున్నది. దరఖాస్తు పంపితిమి, అనుజ్ఞ ఇంకను రాలేదు. అంతవరకు తొందర పడకుండుటకై, మాటలాడు మైకును మాత్రము నేను మా యింటికి తెచ్చి పెట్టెలో నుంచితిని.