పాపములో పాదభాగము



ద్రౌపది అడిగిన ప్రశ్నకు కురుసభ బదులు చెప్పక ఊరకున్న వేళ, విదురుడు లేచి, పూర్వము ప్రహ్లాదునకు కశ్యపుడు చెప్పిన ధర్మమును వినిపించినాడు. నింద్యమైన పనిని నిందింపని సభలో పాపమున సగము సభాపతికి, పాదము చేసినవానికి, పాదము నోరు మెదపని సభ్యులకు చెందునట. దస్త్రముపై సంతకము చేయువారికిని, ‘చూడబడినది’ అని వ్రాసి పంపివేయువారికిని ఈ లెక్క కొంత ఇబ్బందికరమే. వ్యాసభారతములోని యీ లెక్కతో ఇంగ్లండు దేశపు హెవీ మెటల్ పాటలను కొలుచుట వింతగా తోచవచ్చును. కాని ఆ పాటలలో కొన్ని సరిగా ఈ పంపకమును గూర్చియే పలుకుచున్నవి.

ఈ సంగీతమునకు పుట్టినిల్లు కార్ఖానాల నగరమైన బర్మింగ్‌హాము. 1968లో అచ్చటి ఆస్టన్ పేట యువకులు నలుగురు కూర్చిన మేళమే తరువాత బ్లాక్ సాబత్ అయినది. గిటారు వాయించు టోనీ అయోమికి అంతకు పూర్వమే రేకుల కార్ఖానాలో కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు తెగిపోయినవి. తీగలను వదులు చేసి వాయింపసాగెను, నాదము బరువెక్కెను. పాటలను ఎక్కువగా వ్రాసినవాడు కాథలిక్ కుటుంబమున పెరిగిన గీజర్ బట్లర్. పాడినవాడు ఓజీ ఆస్బోర్న్. పేరును బట్టి వీరిని సైతాను భక్తులని తలచినవారు పాటల మాటలను విన్నట్లు తోచదు.

1970 నాటి ‘వార్ పిగ్స్’ వియత్నాం యుద్ధకాలపు పాట. పేదలను పోరునకు పంపి తాము దాగికొన్న పాలకులు, సేనానులు తీర్పుదినమున మోకాళ్లపై ప్రాకుచు క్షమాభిక్ష వేడుదురు. క్షమ లభింపదు; సైతాను నవ్వును. సగము కాదు, పాపమంతయు ఇచ్చట సభాపతులకే కట్టబెట్టబడినది. వినువాని మనస్సు ఎంతో తేలికపడును!

అదే రికార్డులోని ‘హ్యాండ్ ఆఫ్ డూమ్’ చేసినవాని పాలును చూపును. యుద్ధమున మనసు విరిగి మాదకద్రవ్యమునకు లోబడినవానిని ‘నీవు’ అని పిలిచి, సూది పొడుచుకొన్న చేయి నీదేయని నిలదీయును. కవి కొంత కఠినుడైనాడనక తప్పదు.

మూడవ పాలు 1971 నాటి ‘ఆఫ్టర్ ఫరెవర్’లో ఉన్నది. మరణానంతరము ఆత్మకు గతియేమని ఆ పాట అడుగును. దైవమును నమ్మితినని పలికినచో మిత్రులు నవ్వుదురని భయమా యని శ్రోతనే గుచ్చును. శిలువపాపమును సైతము రెండువేల యేండ్ల నాటివారికి విడువక, వినుచున్నవాని వంటివారికే అంటగట్టును. నవ్వులకు వెరచి ఊరకుండువాడే గదా విదురుడు చెప్పిన సభ్యుడు! విచిత్రమేమనగా, ఈ మూడింటిలో విముక్తికి ద్వారము తెరచినది ఈ పాట యొక్కటే.

2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్కు క్రీడాప్రాంగణమున ఆ నలుగురును కలసి కడసారి వాయించిరి. ఓజీ సింహాసనము వంటి పీఠముపై కూర్చుండి పాడెను. జూలై 22న మరణించెను. ఆ రాత్రి మేళము వినిపించినవి నాలుగే పాటలు. మొదటిది ‘వార్ పిగ్స్’. వేలాది జనము గొంతు కలిపిరి. ‘ఆఫ్టర్ ఫరెవర్’ ఆ నాలుగింటిలో లేదు.