పాఠం చెప్పడానికి పరదేశం వెళ్లే ముందు

(వేంసూరులో డిగ్రీ, బి.ఇడి. పూర్తి చేసిన యువతీ యువకులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు మన వేంసూరు, సత్తుపల్లి పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారంటే డ్రైవర్లు, తాపీమేస్త్రీలు, ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు మనకు గుర్తుకొచ్చేవారు. ఈరోజు అవే ఇళ్లలోంచి ఇంగ్లీషు ఎం.ఏ., బి.ఇడి. పట్టాలు పట్టుకొని “మేము పాఠం చెప్పడానికి వెళతాము” అనే బిడ్డలు లేస్తున్నారు. ఇరవై ఏళ్లు పైబడిన ముస్లింలలో పట్టభద్రులు నూటికి నలుగురికన్నా తక్కువేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఆ లెక్కను గుర్తుంచుకుంటే ఈ మార్పు విలువ తెలుస్తుంది. అయితే చదువు పెరిగినంత మాత్రాన మోసం తగ్గదు.

మా దృష్టికి వచ్చిన ఒక సంగతి చెబుతాము. తండ్రి దర్జీ. కూతురు బి.ఇడి. చదివింది. గల్ఫ్‌లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఇప్పిస్తానని ఒక దళారి లక్షన్నర అడిగాడు. “ముందు విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మార్పిస్తాం” అన్నాడు. తల్లి గాజులు అమ్మి నలభై వేలు బయానా ఇచ్చింది. ఆ తరువాత కుటుంబం మమ్మల్ని అడిగింది. మేము దళారిని మూడే అడిగాము: పాఠశాల పేరుతో నియామక పత్రం, ఏజెంటు లైసెన్సు సంఖ్య, వీసా రకం. మూడింటిలో ఒక్కటీ చూపలేదు. అమ్మాయి ఆగిపోయింది. గాజులు మాత్రం తిరిగి రాలేదు. ఆ తల్లి కన్నీరే ఈ ప్రసంగానికి కారణం.

బిడ్డలారా, మొదట మీ పేరు సరిచూసుకోండి. పదో తరగతి మెమోలో “ఎస్‌కే” అని, ఆధార్‌లో “షేక్” అని, పాస్‌పోర్టులో మరో అక్షరక్రమం. ఒకచోట “ఎండీ”, మరొకచోట “మొహమ్మద్”. మన ఇళ్లలో ఇది సర్వసాధారణం. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, అక్కడ ఒక్క అక్షరమే అడ్డుగోడ అవుతుంది. మెమోలో తప్పుంటే చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుని ద్వారా సవరణకు దరఖాస్తు మొదలుపెట్టండి. ఇది నెలలు పట్టే పని. ఉద్యోగం వచ్చాక కాదు, ఈ వారమే ప్రారంభించండి.

రెండవది, పట్టాల ధ్రువీకరణ. రాష్ట్ర స్థాయిలోను, ఆపైన విదేశాంగ మంత్రిత్వ శాఖలోను ముద్ర పడాలి. హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకు అపోస్టిల్ చాలు. ఒమన్, బహ్రెయిన్ అందులో ముందే ఉన్నాయి, సౌదీ అరేబియాకు 2022 డిసెంబరు నుంచి అది అమలులోకి వచ్చింది. ఎమిరేట్స్, ఖతర్, కువైట్ వంటి దేశాలకు ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా అవసరం. పోలీసు క్లియరెన్సు పత్రం పాస్‌పోర్టు కార్యాలయం నుంచి పొందవచ్చు. అసలు పట్టాలను ఏ దళారి చేతిలోనూ వదలకండి.

మూడవది చాలామందికి తెలియని విషయం. పది పాసైనవారికి వలస అనుమతి అవసరం లేని పాస్‌పోర్టు వస్తుంది. ఇది గౌరవమే, కానీ దీనికి మరో పార్శ్వం ఉంది. కూలిపనికి వెళ్లే అన్నకు ప్రభుత్వం ఒప్పందం చూసి అనుమతి ఇస్తుంది, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి చేస్తుంది. పట్టా ఉన్న చెల్లెలికి ఆ కాపలా లేదు, తన కాపలా తానే కాసుకోవాలి. కనుక ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు లైసెన్సు చూడండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగినవాడు చట్టాన్ని దాటుతున్నాడు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా ఒకసారి సంప్రదించండి.

నాలుగవది ఒప్పందం. జీతం, వసతి, పనిగంటలు, సెలవులు, రాకపోకల టిక్కెట్టు, ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే సొమ్ము అన్నీ కాగితంపై ఉండాలి. విజిట్ వీసాపై పని చేయడం చట్టవిరుద్ధం. పాస్‌పోర్టు యజమాని దాచుకోవలసినది కాదు, అది మీది. దాని నకలు, ఒప్పందం నకలు ఇంట్లో అమ్మ పెట్టెలో ఉండాలి. ఆపద వస్తే భారత రాయబార కార్యాలయం ఉంది, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది.

ఐదవది, సామర్థ్యం. మాట్లాడే ఇంగ్లీషు వేరు, నేర్పే ఇంగ్లీషు వేరు. కేంబ్రిడ్జ్ వారి సెల్టా శిక్షణలో కనీసం 120 గంటలు, అందులో పరిశీలకుల ఎదుట ఆరు గంటల బోధన ఉంటాయి. రెండు రోజుల్లో వచ్చే ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో దానిని పోల్చకండి. 1958లో మొదలైన కేంద్ర సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, హైదరాబాదులోనే ఇంగ్లీషు అధ్యాపకులను తయారుచేస్తున్నది. ఇంగ్లీషు మాతృభాష అయినవారే కావాలనే ప్రకటనలు కొన్ని కనబడతాయి. నిరాశ పడకండి. మాల్దీవుల బడులలో, గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలల్లో మన దేశపు ఉపాధ్యాయులు ఎంతోకాలంగా పాఠాలు చెబుతున్నారు. ముందు రెండేళ్లు ఇక్కడి బడిలో పిల్లల ముందు నిలబడండి. ఆ అనుభవ పత్రమే మీకు బలమైన సిఫారసు.

తల్లిదండ్రులకు ఒక మాట. కూతురిని ఒంటరిగా పంపాలా అన్న భయం మీది, దానిని మేము తేలికచేయము. కానీ ఆ భయం పెళ్లి తొందరగా మారకూడదు, అప్పుగా మారకూడదు. అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి. వద్దంటే బలవంతం చేయకండి, వెళతానంటే ఆమెతో కలిసి కాగితాలు చదవండి. ఇంగ్లీషు రానివారు మసీదులోనో, గ్రంథాలయంలోనో చదువుకున్నవారిని పిలిచి చదివించుకోండి. పామాయిల్ తోటను, మిర్చి పంటను తాకట్టు పెట్టే ముందు ఒక్కరోజు ఆగండి.

వెళ్లే బిడ్డలకు చివరి మాట. 2016 నుంచి నడుస్తున్న మైనారిటీ గురుకులాల్లో మన పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు. వారికి ఉపాధ్యాయులు కావాలి. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు పది రోజులు ఏదైనా బడిలో కూర్చోండి. మీరు పరాయి పిల్లలకు చెప్పిన పాఠం మన వేంసూరు పిల్లలకూ వినబడాలి.

ఈ ఊళ్లో ఇకపై ఏ తల్లి గాజులూ దళారి చేతికి చేరకూడదని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. మీ కాగితాలు తీసుకొని రండి, మేము చదివిపెడతాము, ఇన్షా అల్లాహ్.