దస్తరమును కాపాడు విధము



వికారాబాదు, తాండూరు ప్రాంతములందు పూర్వము పట్వారి దస్తరములో నుండిన పహాణీ నేడు కంప్యూటరులో నున్నది. 2020 అక్టోబరు 29న ధరణియు, 2025 ఏప్రిలు 14న దాని స్థానమున భూభారతియు వచ్చినవి. సర్వరు ఆగిన దినమున క్రయపత్రము నిలిచిపోవును. కందిచేనిపై అప్పు పుట్టుట కష్టము.

సర్వరులో లెక్కలు పెక్కు డిస్కులపై పంచి వ్రాయబడును. ఆ పంపకము చేయునది కంట్రోలరు. యంత్రము మాటను కంట్రోలరునకు తెలియజెప్పు దుబాసి వంటి ప్రోగ్రామును డ్రైవరు అందురు. బండి తోలువాడని తలపవలదు. లోపములు దిద్దుటకును, ఆపరేటింగు సిస్టము మారినపుడును దానిని మార్చవలసివచ్చును. క్రొత్త దుబాసి పొరపడినచో, డిస్కులు చెడకున్నను యంత్రము వానిని గుర్తింపలేదు. ఒక్కొక్కప్పుడు వ్రాతయే తప్పిపోవును.

ఒక డిస్కు చెడినను తక్కినవానినుండి లెక్క రాబట్టు ఏర్పాటు సాధారణముగా నుండును. అయినను అది నకలు కాదు; తప్పుగా వ్రాసినది డిస్కు లెన్నియున్నను తప్పే. ఇంట తాండూరు బండలు తీసి మరల పరచునపుడు ధాన్యమును ముందుగా పొరుగింట చేర్చుదుము గదా! అట్లే తెలిసినవారు నకలును వేరొకచోట నుంచి, తిరిగి చదివి చూతురు. సరిపడు డ్రైవరునే తెచ్చి మొదట వేరు యంత్రముపై పరీక్షింతురు. పాతదానిని పారవేయరు.

పెద్దలారా! మీ పాసుపుస్తకమును, పహాణీ నకలును భద్రపరచుకొనుడు. సర్వరు మరమ్మతు అని విన్నపుడు "నకలు తీసితిరా? చదివి చూచితిరా?" అని మర్యాదగా అడుగుడు. ఆ ప్రశ్నయే మన భూమికి కావలి.