ఇద్దరికీ ఒకే మౌంట్

ఒక జంటను ఊహించుకోండి. ఆవిడది ఫోటోగ్రఫీలో చేయి తిరిగిన పనితనం. ఆయనకు బటన్ నొక్కడం వరకే తెలుసు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని తీయడానికి చెరో మిర్రర్‌లెస్ కెమెరా కొనాలి. ఏవి కొనాలి?

ముందు చూడాల్సింది కెమెరాను కాదు, లెన్సు బిగించే మౌంట్‌ను. అది ఒకటే అయితే లెన్సులు ఇద్దరికీ పనికొస్తాయి. ఉదాహరణకు కేనన్ ఆర్10, ఆర్50. రెండూ ఆర్‌ఎఫ్ మౌంటే, రెండూ 24 మెగాపిక్సెళ్లే. బ్యాటరీ కూడా ఒకటే కాబట్టి ఊళ్లకు ఒక ఛార్జర్ తీసుకెళ్తే చాలు.

ముఖ్యమైన తేడా చేత్తో వాడే తీరులో ఉంది. ఆర్10కి రెండు డయళ్లు. వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండానే ఆవిడ ఒకదానితో షట్టర్ వేగం, రెండోదానితో అపర్చర్ మార్చుకుంటుంది. జాయ్‌స్టిక్‌తో ఫోకస్‌ను కావలసిన పక్షి మీదికి జరుపుతుంది. ఆర్50కి ఒక్కటే డయల్, జాయ్‌స్టిక్ లేదు. బ్యాటరీతో కలిపి 375 గ్రాములే. ఆటోలో పెడితే సెట్టింగులన్నీ అదే చూసుకుంటుంది. ఆయనకు అదే హాయి!

రెండింటికీ కెమెరాతో కలిపి అమ్మే కిట్ లెన్సు తీసుకోవడం మాత్రం దండగ. ఒకదానికి 18-45 మి.మీ. కిట్ లెన్సు తీసుకుని, మిగిలిన డబ్బు దూరంలోని పక్షులకు పనికొచ్చే 100-400 మి.మీ. లెన్సు వైపు మళ్లించండి. ఫోటోలు తీసేటప్పుడు చేతి వణుకును అదుపుచేసే ఏర్పాటు ఈ రెండు బాడీల్లోనూ లేదు, ఈ లెన్సుల్లో ఉంది. కొనేముందు ఇద్దరూ కలిసి షాపుకి వెళ్లి, ఎవరి కెమెరా వారు చేత్తో పట్టుకుని చూడండి.